లెన్సులో మచ్చ

మా సెల్లారుకి కిటికీలు లేవు. మైక్రోస్కోపులకి వెలుతురు పడదని కట్టించిన మహానుభావుడికి ఎవరో చెప్పి ఉంటారు. అందులో మనుషులు కూడా ఉంటారని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు. పై అంతస్తుల్లో ఉన్న పరిశోధకులందరికీ కలిపి ఒకటే ఇమేజింగ్ విభాగం మాది. ఎవరికి కణాల ఫొటో కావాలన్నా, చేపపిల్ల గుండె ఫొటో కావాలన్నా మెట్లు దిగి మా దగ్గరికే రావాలి. వస్తారు, చీకట్లో కూర్చుని పని చూసుకుంటారు, వెళ్ళిపోతారు. కొందరు వెళ్తూ వెళ్తూ తలుపు కూడా వెయ్యరు.

ఆ సెల్లారుకి శాశ్వత నివాసులం ఇద్దరం. గోడకి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ మైక్రోస్కోపుల ఇన్‌చార్జి. అవి తీసిన ఫొటోల్ని కంప్యూటర్లో పెట్టి, ఎన్ని కణాలున్నాయి, ఎంత వెలిగాయి, ఎంత దూరం పాకాయి అని లెక్క తేల్చడం నా పని. అందుకని ఆవిడ నన్ను "మాస్టారూ" అంటుంది, లెక్కల మాస్టారని. నేను "మేడమ్" అంటాను. ఆవిడకి నేను "మీరు", నాకు ఆవిడ "మీరు". ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇదే మర్యాద.

పైనుంచి వచ్చే పిల్లలు చాటుగా ఆవిణ్ణి "అత్తగారు" అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొన్ని లెన్సులకి నూనె చుక్క వేసి చూడాలి, కొన్నిటికి నూనె అస్సలు తగలకూడదు. నూనె తగలకూడని లెన్సుకి నూనె అంటించినవాడు ఆవిడ దృష్టిలో మనిషి కాడు. "ఇంట్లో కూడా ఇంతేనా నువ్వు? తిన్న చెయ్యి కడుక్కోకుండా లేచిపోతావా?" అని ఆవిడ మొదలుపెడితే, గోడకి ఇవతల నేను కూడా ఒకసారి నా చేతులు చూసుకునేవాణ్ణి.

కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆవిడ మచ్చ పరీక్ష నేర్పేది. గోడలో కేబుళ్ళ కోసం కొట్టిన కన్నం ఒకటుంది, అందులోంచి వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. "చూస్తుంటే మధ్యలో మచ్చ కనిపించిందనుకో. కంగారుపడి లెన్సులన్నీ రుద్దకు. ముందు స్లైడు కదుపు. మచ్చ కూడా కదిలితే అది స్లైడు మీదుంది. కదల్లేదా, కన్ను ఆనించే గొట్టం తిప్పు. దాంతోపాటు తిరిగితే అక్కడుంది. అదీ కాదా, కింది లెన్సు మార్చు. పోతే ఆ లెన్సుది." ఎవడో ఒకడు ఉండబట్టలేక, "ఏదీ కాకపోతే మేడమ్?" అనేవాడు. "ఏదీ కాకపోతే నన్ను పిలువు" అనేది. ఆ తర్వాత తన అసలు సూత్రం చెప్పేది. "ఇక్కడ కూర్చున్నాక కనిపించింది చెప్పు. అనుకున్నది చెప్పకు."

నిజానికి ఆ కన్నమే నా కాపురం. మధ్యాహ్నం ఎవరి గదిలో వాళ్ళం డబ్బాలు తెరుచుకుని, కన్నంలోంచి మాట్లాడుకుంటూ తినేవాళ్ళం. ఒకే బల్ల దగ్గర కూర్చుని తినొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకు రోజూ అనిపించేది. అడగడానికి నోరు పెగిలేది కాదు. నాకు పెళ్ళి కాలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు, కుదరలేదు, కుదర్చడానికి వెనక ఎవరూ లేరు. ఆవిడ భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. పిల్లల్లేరు. ఆదివారం నేను ఎవరితోనూ మాట్లాడను. సోమవారం పొద్దున గొంతు జీరగా ఉంటుంది, మొదటి మాట "మేడమ్" అంటే గానీ విడదు. ఒప్పుకుంటే పోయేదేముంది, నాకు ఆవిడంటే ఇష్టం. ఎప్పటికైనా ఒకరోజు ఆవిడ పొరపాటునైనా నన్ను "నువ్వు" అంటుందేమోనని ఎదురుచూసేవాణ్ణి. ఈ వయసులో ఇవేం ఆశలని మీరు నవ్వితే నేనేమీ అనుకోను.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే కన్నంలోంచి కేక.

"మాస్టారూ! నా పెద్ద మైక్రోస్కోపుని నాశనం చేశారు!"

పరుగెత్తుకెళ్ళాను. ఆవిడ కుడి కన్ను గట్టిగా మూసుకుని, ఎడమ కన్ను గొట్టానికి ఆనించి కూర్చుంది. ఆవిడ చదువుకున్న రోజుల్లో మైక్రోస్కోపుకి ఒకటే గొట్టం ఉండేదిట. ఇప్పటివాటికి రెండున్నా అలవాటు పోలేదు, సూదిలో దారం ఎక్కించేవాళ్ళలా ఇప్పటికీ ఒంటికన్నుతోనే చూస్తుంది. చూసిన చోట నడిమధ్యన బూడిదరంగు మచ్చ ఉందిట. స్లైడు కదిపితే కదలదు, గొట్టం తిప్పితే తిరగదు, లెన్సు మారిస్తే పోదు. కాబట్టి మచ్చ లోపలి భాగాల్లో ఎక్కడో ఉండాలి. నూనె లోపలికి కారి ఉండాలి. కార్చినవాళ్ళు ఎవరో కూడా తేలిపోయింది. ముందురోజు సాయంత్రం ఆ మైక్రోస్కోపు మీద ఆఖరున కూర్చున్నది చేపలమ్మాయి.

చేపలమ్మాయి అంటే చేపపిల్లల గుండె ఎలా తయారవుతుందో చూసే పరిశోధక విద్యార్థిని. గట్టిగా మాట్లాడితే తన చేపలు బెదురుతాయన్నట్టు మాట్లాడుతుంది. ఆ మధ్యెప్పుడో ఒక పొడి లెన్సుకి, అంటే నూనె తగలకూడనిదానికి, నూనె అంటించి, తనే వచ్చి చెప్పి, చీవాట్లు తింది. ఆ పాత నేరం ఇప్పుడు పనికొచ్చింది. "ఇంజనీరు వచ్చి తేల్చేదాకా నువ్వీ గదిలో అడుగుపెట్టడానికి వీల్లేదు" అని ఆవిడ తేల్చి చెప్పేసింది. మైక్రోస్కోపు వంతులు చూపించే తెర మీద ఆ పిల్ల వంతులన్నీ బూడిదరంగుకి మారిపోయాయి.

కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మొత్తం విప్పాడు, చూశాడు, మళ్ళీ బిగించాడు.

"ఏం లేదు మేడమ్. నాకు బాగానే కనిపిస్తోంది."

"బాగా కనిపిస్తే ఇంకేం, వెళ్ళిరా నాయనా" అంది. వాడు మెట్లెక్కగానే కన్నం వైపు తిరిగింది. "వాడికసలు కళ్ళున్నాయంటారా, మాస్టారూ?"

నేను నవ్వాను. అప్పటికి నాకూ ఏమీ తెలియదు.

ఆ రోజు నుంచి ఆవిడ మధ్యాహ్నం తినడం మానేసి మైక్రోస్కోపు తుడవడం మొదలుపెట్టింది. లెన్సు కాగితం సన్నగా చుట్టడం, తుడిచే మందులో ముంచడం, నడిమి నుంచి అంచుకి సుతారంగా తిప్పడం, చూడడం, నిట్టూర్చడం, మళ్ళీ మొదటికి రావడం. కన్నంలోంచి మందు వాసన తప్ప మాట వచ్చేది కాదు. నేను డబ్బా తెరిచి, "తిన్నారా మేడమ్?" అంటే, "మీరు కానివ్వండి" అనేది. అన్నం అదే, ఉప్పూ కారం అవే, గొంతు దిగేది కాదు. ఆవిడ తిట్లు వినబడకపోతే సెల్లారు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. యంత్రాల ఫ్యాన్ల రొద ఒక్కటే మిగిలింది.

ఒకరోజు చేపలమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సార్, మీరొక్క మాట మేడమ్ చెవిన వెయ్యాలి. నేను నూనె కార్చలేదు సార్. ఒట్టు. చేపపిల్లలు పుట్టిన కొత్తలోనే గాజులా ఉంటాయి, అప్పుడే గుండె కనిపిస్తుంది. తర్వాత ఒంటికి రంగొచ్చేస్తుంది, ఇంక ఏం కనబడదు. ఇప్పుడు చేతిలో ఉన్న పిల్లలు పోతే మళ్ళీ పెంచడానికి నాకు టైం లేదు. ఈ నెలాఖరుకి నా ఫెలోషిప్ అయిపోతుంది."

"నేను చెప్తే ఆవిడ వింటుందని ఎవరన్నారమ్మా?"

"అందరూ అంటారు సార్. అత్తగా... మేడమ్ మీ మాట ఒక్కటే వింటారని."

అబద్ధమైనా చెవికి హాయిగా ఉంది. ముసలివాడా, మురిసింది చాలు, పని చూడు అని నన్ను నేనే కసురుకుని ఆ పిల్లని కూర్చోమన్నాను.

మచ్చ ఉందో లేదో తేల్చడానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ఒకే మైక్రోస్కోపు తీసిన వందల ఫొటోలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పరిచి, సగటు తీయమని కంప్యూటర్‌కి చెప్తాను. ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉండే కణాలూ చేపలూ అన్నీ సగటులో చెరిగిపోతాయి. ప్రతి ఫొటోలోనూ కదలకుండా ఒకేచోట ఉన్నదేదైనా ఉంటే అది మాత్రం తేలుతుంది. లెన్సు మీది చిన్న దుమ్ము కూడా ఇలా దొరికిపోతుంది. ఆవిడ మచ్చ చూశానన్న రోజు నుంచి తీసిన ఫొటోలన్నీ పోగేసి సగటు తీశాను. తెర మీద సాదా బూడిదరంగు పలక వచ్చింది. అంచుల్లో కొంచెం మసక, అది ఏ లెన్సుకైనా మామూలే. మచ్చ జాడ లేదు.

కన్నం దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. ఆవిడ విసుక్కుంది.

"కెమెరా దారి వేరు, కంటి దారి వేరు. ఆ మాత్రం తెలీదా మాస్టారూ? లోపల అద్దం దగ్గర వెలుగు రెండుగా చీలుతుంది. నూనె కంటి దారిలోకి పోయింది. మీ కంప్యూటర్‌కేం తెలుస్తుంది? ఇలా వచ్చి మీ కళ్ళతో చూడండి."

ఆ మాటలో తప్పు లేదు. వెళ్ళాను. ఆవిడ గళ్ళ స్లైడు పెట్టింది. గాజు పలక మీద సన్నటి నిలువు గీతలు, అడ్డగీతలు, మధ్యలో బుల్లి బుల్లి గళ్ళు. కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి వాడతారు. ముందు తను చూసింది, ఎప్పట్లాగే కుడి కన్ను మూసుకుని.

"అదిగో. నడిమధ్యన. గీతలు దాని దగ్గరికొచ్చేసరికి ఎలా వంకరపోతున్నాయో. పోనీ పక్కకి చూద్దామంటే, మాయదారి మచ్చ, నేనెటు చూస్తే అటే వస్తోంది."

లేచి నాకు చోటిచ్చింది. నేను కళ్ళద్దాలు సర్దుకుని, రెండు గొట్టాల్లోకీ చూశాను. గళ్ళు నీటుగా ఉన్నాయి. ఒక్క గీత వంగలేదు. నడుమ ఏమీ లేదు.

"చూశారా?" అంది నా భుజం వెనక నుంచి.

నేనెటు చూస్తే అటే వస్తోందన్న ఆవిడ మాట అప్పుడు తట్టింది. దుమ్ము గానీ నూనె గానీ ఎక్కడుంటే అక్కడ ఉంటుంది, మన చూపుతోపాటు నడవదు. చివరి రోజుల్లో మా నాన్నకి గుమ్మాలు వంకరగా కనిపించేవి. ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించి నానా తిట్లూ తిట్టాడు. మేస్త్రీ తూకపు దారం వేలాడదీసి గుమ్మం నిటారుగా ఉందని చూపించినా వినలేదు. మేం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత ఆయన మమ్మల్ని గొంతుని బట్టే గుర్తుపట్టేవాడు.

"మాస్టారూ, కనిపించింది చెప్పండి."

"నా కళ్ళద్దాలు పాతబడ్డాయి మేడమ్. సరిగ్గా ఆనడం లేదు" అని వచ్చేశాను. ఆవిడ సూత్రం ఆవిడ గదిలోనే తప్పాను.

మర్నాడు ఆదివారం. నా గదిలో రెండు కుర్చీలున్నాయి, ఒకటి నాకు, ఒకటి ఉతికిన బట్టలకి. ఆ రోజు బట్టలు మంచం మీదికి మార్చి, ఎదుటి కుర్చీలో ఆవిడ కూర్చున్నట్టు ఊహించుకుని ఎలా చెప్పాలో సాధన చేశాను. ఎలా మొదలుపెట్టినా చివరికి ఒకటే మాట వస్తోంది, "మేడమ్, మచ్చ మీ కంట్లో ఉంది." ఆ మాట విన్నాక ఆవిడ ఏమవుతుంది? ఆ విభాగానికి కళ్ళు ఆవిడే. ఇప్పుడన్నీ వాటంతటవే నడిచే మైక్రోస్కోపులు వస్తున్నాయి కదా, ఇంకా ఇన్‌చార్జి ఎందుకని డైరెక్టరుగారు మెట్ల మీద ఎవరితోనో అనగా నేను విన్నాను. కంటి సంగతి తెలిస్తే ఆయనకి సాకు దొరికినట్టే. ఆవిణ్ణి ఇంటికి పంపేస్తారు. గోడకి అటువైపు ఒక యంత్రం వచ్చి కూర్చుంటుంది, అది తిట్టదు, తిన్నారా అని అడగదు. పంపకపోయినా, ఆ మాట చెప్పినవాడి మొహం ఆవిడ మళ్ళీ చూస్తుందా? చెప్పకపోతే ఆ కన్ను పోతుంది, రెండోదీ దాని వెంట పోవచ్చు. ఆ పిల్ల చేపలు ఎలాగూ పోతాయి. చెప్పి తీరాలి. చెప్తే నాకు లోకంలో ఉన్న ఒక్క మనిషీ ఉండదు. భయమేసింది. ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని ఏడ్చాను కూడా.

సోమవారం పొద్దున్న నేరుగా ఆవిడ గదికి వెళ్ళాను.

"మేడమ్, నాకు మచ్చ పరీక్ష నేర్పండి."

"ఇన్నేళ్ళకి బుద్ధి పుట్టిందా మాస్టారూ!" అని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. గళ్ళ స్లైడు పెట్టి కూర్చుంది. "సరే, నేను చూస్తూ చెప్తాను, మీరు చెయ్యండి. ముందు స్లైడు కదపండి."

కదిపాను.

"కదల్లేదు. గొట్టం తిప్పండి."

తిప్పాను.

"తిరగలేదు. లెన్సు మార్చండి."

మార్చాను.

"పోలేదు. చూశారా, ఏదీ కాదు."

"ఏదీ కాకపోతే మేడమ్?"

"ఏదీ కాకపోతే నన్ను..." అంటూ ఆగిపోయింది. గొట్టం మీద నుంచి తల ఎత్తలేదు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఒక్కసారి కుడి కన్నుతో చూడండి మేడమ్."

ఆవిడ నెమ్మదిగా తల పక్కకి జరిపి, ఎడమ కన్ను అరచేత్తో కప్పుకుని, కుడి కన్ను ఆనించింది.

"ఏం కనిపిస్తోంది?"

"గళ్ళు."

"వంకరగా ఉన్నాయా?"

"లేవు. చక్కగా ఉన్నాయి."

మళ్ళీ ఎడమ కన్నుతో చూసింది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. నేను ఆపలేదు, ఎవరి పరీక్ష వాళ్ళు పూర్తి చేసుకోవాలి. చివరికి కుర్చీ నా వైపు తిప్పి, కుడి కన్ను మూసుకుని నా మొహంలోకి చూసింది.

"మీ ముక్కు లేదు మాస్టారూ" అంది.

నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

"మీకు శనివారమే తెలుసు కదూ?"

"తెలుసు మేడమ్."

"మరి కళ్ళద్దాలంటారేం?" అంది. తిడుతుందని చూశాను, తిట్టలేదు. లేచి, లెన్సు కాగితాల పెట్టె మూత పెట్టి అలమరలో దాచింది. "ఆ పిల్లని రమ్మనండి" అంది.

చేపలమ్మాయి బిక్కుబిక్కుమంటూ వచ్చి గుమ్మం బయటే నిలబడింది, లోపల అడుగుపెట్టొద్దన్నారు కదా.

"రా లోపలికి. నీ వంతులన్నీ నీకిచ్చేశాను. నావి కూడా తీసుకో. లెన్సులో ఏం లేదు. మచ్చ నా కంట్లో ఉంది, నీ మీద వేశాను. తప్పు నాదే."

ఆ పిల్ల నా వైపు చూసింది.

"ఆయన మొహంలో ఏముందని అలా చూస్తావ్? చేపలు నీకోసం ఆగుతాయా? వెళ్ళి పట్రా. పొడి లెన్సుకి నూనె తగిలిందో, నీ వీపు చీరేస్తాను."

పిల్ల ఒక్క పరుగున మెట్లెక్కింది. సెల్లారులో మళ్ళీ తిట్లు వినబడినందుకు నా ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచాను. కన్నంలోంచి అటు కూడా డబ్బా మూత చప్పుడు వినబడింది. కాసేపటికి మాట వచ్చింది.

"మొన్నామధ్య ఒకసారి కళ్ళాసుపత్రికి వెళ్ళాను మాస్టారూ. ఎడమ కన్ను బరువుగా ఉంటోందని. లోపల చూడాలంటే చుక్కల మందు వెయ్యాలిట. వేస్తే సాయంత్రం దాకా కళ్ళు కనబడవు, తోడెవరూ రాలేదా అని అడిగింది నర్సు. వస్తున్నారని చెప్పాను. చెప్పాను కదా అని, కాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత లేచి వచ్చేశాను."

నా చేతిలో ముద్ద అలాగే ఉంది.

"తర్వాత మైక్రోస్కోపులో మచ్చ కనబడింది. లెన్సయితే తుడిస్తే పోతుంది కదా. అందుకని లెన్సే అనుకున్నాను."

"రేపు నేనొస్తాను మేడమ్."

ఇన్నేళ్ళలో నేను ఆవిడతో తెగించి అన్న మొదటి మాట అది. లెక్కలు తప్ప ఏమీ చేతగానివాడు ఇంత మాట ఎలా అనేశాడా అని నాకే ఆశ్చర్యంగా ఉంది.

"రండి" అంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గడ్డం గీసుకున్నాను, తొందరలో గడ్డం కింద తెగింది. ఆసుపత్రికి వెళ్తూ ఆ అలంకారమేమిటని అద్దంలో మనిషి అడిగాడు, నేను జవాబు చెప్పలేదు. ఆవిడ ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి ఉంది. పగటి వెలుతురులో ఆవిణ్ణి చూడడం నాకు దాదాపు కొత్త. జుట్టు నేను అనుకున్నంత నల్లగా లేదు. నాది కూడా ఆవిడకి అలాగే కనబడి ఉంటుంది.

లోపల కౌంటరు దగ్గర నర్సు ఆవిడ వివరాలు రాసుకుని, తలెత్తి నన్ను చూసింది.

"మీరేమవుతారండీ?"

"కలిసి పనిచేస్తాం" అన్నాను.

"అలా కాదండీ. ఇంటి మనిషి ఉండాలి. మందు వేశాక మేం అప్పజెప్పాలి కదా. మీరేమవుతారు ఈవిడకి?"

ఏమీ కాను. ఇన్నేళ్ళు గోడకి ఆనుకుని బతికి ఏమీ కాలేదు. అయినా నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నా గుండె చిన్నపిల్లాడిదిలా కొట్టుకుంది. ఆవిడ ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఏమంటుందా అని ఆవిడ వైపు చూశాను.

ఆవిడ సంచీలో కళ్ళద్దాల పెట్టె వెతుక్కుంటూ, తలెత్తకుండానే చెప్పింది. "మా తమ్ముడమ్మా. రాసుకో." తర్వాత పక్క కుర్చీ మీద దుమ్ము దులిపి, "కూర్చోరా, ఎంతసేపలా నిలబడతావ్?" అంది.

కూర్చున్నాను.

ఆవిడ నన్ను నువ్వు అనాలని ఇన్నేళ్ళు కోరుకున్నాను. అంది. ఎంత ప్రేమగా అందో నాకు తెలుసు, ఆవిడ ఇంకెవరినీ తమ్ముడు అనదు. పక్కనుంచి చూసేవాళ్ళకి మేం అచ్చం అక్కాతమ్ముళ్ళలాగే ఉండి ఉంటాం. నర్సుకి అనుమానం కూడా రాలేదు. నాకు మాత్రం ఎవరో నా రెండో కుర్చీ మీద బట్టలు తిరిగి పెట్టేసినట్టు అనిపించింది. ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో ఏడిస్తే రోగి కంగారుపడుతుందని గోడ మీద చిన్నా పెద్దా అక్షరాల పటం వైపు చూస్తూ కూర్చున్నాను. కింది వరస నాకు నిజంగానే ఆనలేదు.

ఆవిడ చేతికి డాక్టరు ఒక అట్ట ఇచ్చింది. దాని మీద నల్లటి నిలువు గీతలు, అడ్డగీతలు, గళ్ళు. ఒక కన్ను మూసుకుని చూడమంది. ఆవిడ నవ్వేసింది. "ఇది మా దగ్గర గాజు మీద ఉంటుందండీ, ఇంతకన్నా సన్నగా. మావాడు నిన్ననే చూపించాడు."

ఎడమ కంటి నడిమి చూపు పోయినంత మేరా మళ్ళీ రాదని, ఇంజెక్షన్లు వేస్తే ఇంకా పోకుండా ఆపొచ్చని డాక్టరు చెప్పింది. కుడి కన్ను ప్రస్తుతానికి బాగానే ఉంది, కనిపెట్టుకుని ఉండాలి. "కాస్త ముందొచ్చి ఉంటే బావుండేదమ్మా" అంది. "తోడు దొరకలేదండీ అప్పుడు" అంది ఆవిడ, ఇప్పుడు దొరికింది కదా అన్నట్టు.

బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. చుక్కల మందు వల్ల ఆవిడకి రెండు కళ్ళూ విచ్చుకుపోయి, ఎటు చూసినా తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనబడడం లేదు. నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. మామూలు చెయ్యి, లెన్సు మందుకి వేళ్ళ చివరలు గరుకెక్కి ఉన్నాయి.

"డైరెక్టరుకి నేనే చెప్తాను" అంది నడుస్తూ. "ఇంకొకళ్ళు కబురు మోసేలోపు. కుడి కన్నుతో చూడ్డం నేర్చుకుంటాను. పిల్లలకి పనైతే నేర్పగలను కదా, నోరు బాగానే ఉంది."

"నోటికేం ఢోకా లేదు మేడమ్."

"ఇంకా మేడమేంట్రా?" అని మోచెయ్యి గిల్లింది. "ముందేముందో చెప్పు, పడేస్తావేమో. కనిపించింది చెప్పు, అనుకున్నది చెప్పకు."

"మెట్టుంది. ఇంకోటి. గోడకి సైకిలు ఆనించి ఉంది. ఇద్దరు పిల్లలు బంతితో ఆడుతున్నారు. ఒకాయన మేడ మీద బట్టలారేస్తున్నాడు."

"ఊఁ."

"ఎదర రోడ్డు. ఆగుదాం. బస్సు పోతోంది."

ఆగాం. బస్సు పోయింది. రోడ్డు ఖాళీ అయినా నా కాళ్ళు వెంటనే కదల్లేదు. ఆవిడ మొహం నా వైపు తిప్పింది. విచ్చుకున్న ఆ కళ్ళకి అప్పుడు నా ముక్కే కాదు, నేనే లేను.

"ఏంట్రా ఊరుకున్నావ్? నీ మొహం అదోలా ఉందనిపిస్తోంది నాకు. ఎలా ఉంది?"

"మామూలుగానే ఉందక్కా" అన్నాను.